ఏం పోసినవ్, సేఠ్ బిడ్డా?

నిన్న నారాయణగూడ చౌరస్తా దాటి వస్తుంటే తడిమట్టి వాసన వచ్చింది. ఫుట్‌పాత్ మీద పాలిథిన్ షీటు కింద మట్టి గణపతులు వరసగా కూర్చుని ఉన్నారు. పొద్దున పడిన జల్లుకు షీటు అంచు కారి, చివరి వరసలో ఇద్దరు ముగ్గురి చెవులు మెత్తబడ్డాయి. మామూలుగా అయితే నా కాళ్ళు వాటంతట అవే అటు తిరగాలి. చెవి మెత్తబడిన గణపతి అంటే బేరానికి వచ్చిన గణపతి. చిక్కడపల్లి దుకాణాల మధ్య పెరిగినదాన్ని, సరుకులో లోపం కనబడితే నాకు ఆకలి వేసినట్టు ఉంటుంది. కానీ ఆ వాసన తగలగానే చెవిలో ఒక గొంతు వినిపించింది. బీడీ పొగకు గరుకెక్కిన, ఏమాత్రం తొందర లేని గొంతు: "ఏం పోసినవ్, సేఠ్ బిడ్డా?" నేను చెవులు గట్టిగా ఉన్న గణపతిని ఎంచుకుని, ఒక్కసారి మాత్రమే బేరమాడి, తెచ్చేసుకున్నాను. అమ్మినవాడు నేను మలుపు తిరిగేదాకా అనుమానంగా చూస్తూనే ఉన్నాడు.

ఆ గొంతు యాదగిరన్నది. కవాడిగూడలో ఉండే ప్లంబరు. చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ దాకా గోడల వెనక నీళ్ళు ఎటు పోతాయో, ఎటు పోవడం మానేశాయో ఆయనకు తెలిసినంతగా ఆ గోడలు కట్టినవాళ్ళకు కూడా తెలియదు. నేను ఆయన్ని మొదటిసారి చూసింది మా నాన్న స్టీలు సామాన్ల దుకాణంలో. నాకు పదేళ్ళు. వేసవి సెలవుల్లో నాన్న నన్ను స్టూలెక్కించి కూర్చోబెట్టేవాడు; అమ్మడం నేర్చుకోవడానికని పైకి చెప్పినా, ఎవరైనా గ్లాసు సంచిలో వేసుకుంటే చూడటానికని నాకు తెలుసు. దారంతో కట్టిన కళ్ళజోడు పెట్టుకుని ఒక మనిషి వచ్చి, గ్లాసులు ఒక్కొక్కటీ తీసి చెవికి ఆనించుకుంటున్నాడు.

"ఏంది యాదగిరీ, శంఖమనుకున్నవా?" అన్నాడు నాన్న.

"గోడకు ఆనిస్తే లోపట నీళ్ళు ఏడ ఆగినయో ఇనబడాలె సేఠ్. అన్ని గ్లాసులు చెప్పయి." అని చివరికి అడుగున సొట్ట ఉన్న గ్లాసు ఒకటి పట్టుకున్నాడు. "ఇది మంచిగ చెప్తున్నది. సొట్ట ఉన్నది గద, జర తగ్గించు."

నాన్న నోరు తెరిచేలోపే నేను స్టూలు మీద నుంచి అన్నాను: "సొట్ట ఉంటే చేతికి పట్టు దొర్కుతది. దానికి ఇంకా ఎక్కువ తీస్కోవాలె."

కళ్ళజోడు ముక్కు కొసకు జారిపోయేదాకా నవ్వాడు. అడిగినంతా ఇచ్చి, వెళ్తూ నా వైపు వేలు చూపించాడు. "సేఠ్ బిడ్డా, నీతోని నేను బేరమాడ. నువ్వు గూడ నాతోని ఆడకు. సరేనా?" నేను సరేనన్నాను. పదేళ్ళ పిల్ల ఇచ్చిన మాట కాబట్టి ఇరవై ఏళ్ళ తర్వాత దాన్ని తప్పడానికి నాకు పెద్దగా ఇబ్బంది అనిపించలేదు.

పెళ్ళయి అశోక్‌నగర్‌లో మూడో అంతస్తు ఫ్లాటుకు వచ్చాను. మా అత్తగారివాళ్ళు గోదావరి వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడినవాళ్ళు. అత్తయ్యగారు పుట్టినప్పటి నుంచీ ఉన్నది హైదరాబాదులోనే అయినా "మా వైపు" అంటే గోదావరి వైపే. నేను "ఏంది" అంటే "ఏమిటి" అని మెల్లగా దిద్దేవారు, బియ్యంలో రాయి ఏరినట్టు. అలాంటి ఇంటికి ఒకరోజు నేను బాత్‌టబ్బు తెచ్చాను.

బర్కత్‌పురలో ఒక పాత బంగళా పడగొడుతున్నారంటే టేకు కిటికీలు చూద్దామని వెళ్ళాను. కిటికీలు అప్పటికే అమ్ముడుపోయాయి. మట్టికుప్ప మీద తెల్లటి టబ్బు బోర్లా పడి ఉంది. ఆ రోజు నేను ఆడిన బేరం నా జన్మకంతటికీ గొప్పది. చివరికి అమ్మేవాడు రెండు చేతులూ జోడించి, "తీస్కపో అక్కా, నాకు తలకాయ నొస్తున్నది" అన్నాడు. ఇంటికి వచ్చాక గానీ తట్టలేదు, మా ఇంట్లో టబ్బులో పడుకునే తీరిక ఎవరికీ లేదని, దాన్ని నింపేటన్ని నీళ్ళు అసలే లేవని.

బిగించడానికి యాదగిరన్న వచ్చాడు. టబ్బు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. "ఇది మనుషులకా, బర్రెకా?"

"అన్నా, పెద్ద పెద్ద హోటళ్ళల్ల ఉంటయి ఇవి."

"హోటల్ల నల్లా దినాం వస్తది. నీకు దినం తప్పిచ్చి దినం వస్తది. ఎల్లిపాయంత నీళ్ళల్ల ఈత కొడ్తవా?"

వెనక బాత్రూములో రెండు రోజులు పని చేసి బిగించాడు. పోయేముందు నీళ్ళు పోయే రంధ్రం మీద చిన్న ఇత్తడి జల్లెడ బిగించి, దాని మీద వేలితో తట్టాడు. "గిది మాత్రం తియ్యకు. ఏం పడ్డా ఇదే ఆపుతది." తీయనన్నాను. అది కూడా మాటే. టబ్బులో ఆ తర్వాత ఎవరూ స్నానం చేయలేదు. నల్లా వచ్చిన రోజు నింపి పెట్టుకునే తొట్టిగా, దుప్పట్లు నానబెట్టే గంగాళంగా అది బతికింది. అత్తయ్యగారు దాన్ని చూపించి చుట్టాలతో, "మా కోడలు చవగ్గా తెచ్చింది" అనేవారు. పొగడ్త కాదని అర్థం చేసుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

యాదగిరన్నకు ఒక పద్ధతి ఉండేది. ఏ ఇంట్లో నీళ్ళు ఆగిపోయినా, సంచిలో నుంచి ఒక్క పనిముట్టు తీసేముందు బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని, "ఏం పోసిన్రు?" అని అడిగేవాడు. అందరూ మొదట "ఏమీ పోయలేదు" అనేవాళ్ళే. ఆయన వాదించేవాడు కాదు, తిట్టేవాడు కాదు. కూర్చునేవాడు. మా కింది అంతస్తులో కాలేజీలో పాఠాలు చెప్పే ఒక పెద్దాయన అరగంట సేపు "నథింగ్, నథింగ్" అని, ఆ తర్వాత గొంతు తగ్గించి, పులిసిపోయిన దోసెల పిండి నాలుగు గిన్నెలు, అది కూడా భార్య ఊరెళ్ళినప్పుడు, అని చెప్పుకున్నాడు. "నాకు అబద్ధం చెప్తే నాకేం గాదు. మీ గోడ తడుస్తది," అనేవాడు యాదగిరన్న. నిజం చెప్పేదాకా లేవకపోవడమే ఆయన పనిలో సగం. మిగతా సగం ఇనుప స్ప్రింగు, వెదురు బద్ద, ఆ సొట్ట గ్లాసు.

ఏడెనిమిదేళ్ళ కిందటి వినాయక చవితి సంగతి ఇప్పుడు చెప్పాలి. అత్తయ్యగారి దగ్గర ఒక వెండి ఎలుక ఉండేది. చింతగింజంత. వాళ్ళ అమ్మగారు ఇచ్చింది. ప్రతి ఏడూ విగ్రహం పాదాల దగ్గర మట్టిని కొంచెం తడిపి అందులో ఎలుకను నొక్కి కూర్చోబెట్టేవారు; నిమజ్జనానికి ముందు తీసి పసుపు గుడ్డలో చుట్టి దాచేవారు. ఆ ఏడు ఆవిడకు మోకాలి నొప్పి. మా ఆయన వరంగల్‌లో ఉద్యోగం. నిమజ్జనం నా మీద పడింది. "ట్యాంక్‌బండ్ దాకా వెళ్ళి, శ్రద్ధగా చేసి రా అమ్మా. ఎలుకను తీయడం మాత్రం మరవకు" అని చెప్పి ఆవిడ ఊరేగింపులు చూడటానికి కింది అంతస్తువాళ్ళ బాల్కనీలో కూర్చున్నారు.

పీట మీద స్వామిని పెట్టుకుని వీధిలోకి వచ్చాను. లారీలు, డప్పులు, గులాలు. ఆటో అతను నన్ను, స్వామిని మార్చి మార్చి చూశాడు. "ట్యాంక్‌బండా? నడుస్కుంట పో అక్కా. నాకంటే ముందు చేర్తవ్." అప్పుడు నా దుకాణపు బుర్ర పనిచేసింది. కావలసింది నీళ్ళు. నీళ్ళతో నిండిన తొట్టి మూడో అంతస్తులో ఉంది. వెనక మెట్ల మీదుగా ఎక్కాను. స్వామిని టబ్బులో కూర్చోబెట్టి, దణ్ణం పెట్టి, క్షమాపణ కూడా చెప్పుకున్నాను. మట్టి కరిగి గోధుమరంగు పాయసంలా అయింది. నీళ్ళు వదిలితే ఆ పాయసం కదలలేదు. జల్లెడ అడ్డమని జల్లెడ విప్పేశాను. చీపురు కట్టె వెనకవైపుతో కుక్కాను. బకెట్ల కొద్దీ నీళ్ళు కొట్టాను. మొత్తం లోపలికి వెళ్ళిపోయింది. ఖాళీ పీటతో కిందికి దిగాను.

"ఇంత త్వరగానా?" అన్నారు అత్తయ్యగారు.

"ఆటో అతనికి అడ్డదారులు తెలుసండి."

"జనం ఎలా ఉన్నారు?"

"ఊపిరాడలేదు అత్తయ్యగారూ." అది మాత్రం నిజం. మూడంతస్తులు ఎక్కి దిగాను.

మర్నాడు సాయంత్రం పసుపు గుడ్డ తీస్తే ఎలుక లేదు. అత్తయ్యగారు పూజగది అంతా వెతికి, నా దగ్గరికి వచ్చి, పాపం ఆవిడే నాకు దారి చూపించారు. "మరిచిపోయి స్వామితో పాటు సాగరంలో వదిలేశావేమోనమ్మా. పోనీలే, అలా అయితే ఆయన దగ్గరికే చేరింది." నేను అవునంటే సరిపోయేది. కానీ అవునంటే ఏ మెట్ల దగ్గర వదిలావు, ఎవరి చేత వేయించావు అని ఇంకో ప్రశ్న వస్తుంది, దాని వెనక మరొకటి. ట్యాంక్‌బండ్ వెళ్ళానన్న అబద్ధానికి లోతు లేదని నాకే తెలుసు. అందుకని గట్టిగా అన్నాను: "లేదండి. ముందే తీసి పూజగదిలో గుడ్డ పక్కనే పెట్టాను. బాగా గుర్తు." ఆ రోజు పొద్దున పూజగది ఊడ్చింది రాజమ్మ.

రాజమ్మ మా ఇంటితో కలిపి ఆ అపార్ట్‌మెంటులో నాలుగు ఇళ్ళల్లో పనిచేసేది. అత్తయ్యగారు ఆమె ముందు నిలబడి, "నేనేమీ అనడం లేదమ్మా, కనబడటం లేదు అంటున్నానంతే" అని మూడుసార్లు అన్నారు. ఆ రోజు నుంచి రాజమ్మ పని ముగించి వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, బొడ్లో చెక్కిన కొంగు తీసి, మా ముందు విప్పి దులిపి, మళ్ళీ చెక్కుకుని వెళ్ళేది. ఎవరూ అడగలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు. నిజం చెప్పాలంటే నేను కూడా ఒకసారి ఆమె సంచి వైపు చూశాను. నా అబద్ధం నేనే నమ్మేంత బాగా కుదిరింది మరి. కింది అంతస్తువాళ్ళకు సంగతి తెలిసింది. వాళ్ళ ద్వారా మిగతా రెండు ఇళ్ళకూ తెలిసింది. ఒకటో తారీఖు నుంచి నాలుగు ఇళ్ళల్లోనూ వేరే మనిషిని పెట్టుకోవాలని పెద్దవాళ్ళు అనుకున్నారు.

ఈలోగా టబ్బు మొరాయించింది. పోసిన నీళ్ళు పోసినట్టే నిలబడ్డాయి. వేడినీళ్ళు పోశాను. వంటసోడా, నిమ్మఉప్పు కలిపి పోశాను. అది బుసబుసమని పొంగి, నన్ను చూసి నవ్వినట్టు నవ్వి అణిగిపోయింది. రబ్బరు పంపుతో కొడితే నీళ్ళు లోపలికి పోవడానికి బదులు నా మొహానికి వచ్చాయి. మూడో రోజుకు వాసన మొదలైంది. నెలాఖరుకు రెండు రోజుల ముందు యాదగిరన్నకు ఫోను చేశాను.

వచ్చాడు. బకెట్టు బోర్లించి కూర్చున్నాడు. "ఏం పోసినవ్, సేఠ్ బిడ్డా?"

"ఏం లేదన్నా. సబ్బునీళ్ళు."

"ఇంకా?"

"వెంట్రుకలు ఉంటయేమో."

"ఇంకా?"

"నీళ్ళే అన్నా, నీళ్ళు! నీళ్ళు పొయ్యకుంటే ఇంకేం పోస్తరు?"

పక్క గదిలో అత్తయ్యగారు సుందరకాండ చదువుకుంటున్నారు. ఆయన ఆ గొంతు విన్నాడు. నన్ను చూశాడు. టీ తాగాడు. రాజమ్మ గిన్నెలు తోముతున్న చప్పుడు విన్నాడు. "రాజమ్మ మా గల్లీలనే ఉంటది," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. "నిన్న బోరింగు కాడ కూసోని ఏడ్సింది. నాలుగిండ్లు ఒక్కపాలి పోతే ఎట్ల అని." ఆయన చాలాసేపు కూర్చుని, ఆ రోజు మొట్టమొదటిసారి, జవాబు రాకుండానే లేచాడు. అది చూసి గెలిచాననుకున్నాను.

ఎంతసేపు వంగి ఉన్నాడో. సొట్ట గ్లాసు టబ్బు కింది గోడకు ఆనించి విన్నాడు. పలకలు రెండు తీశాడు. స్ప్రింగు ఒక వైపు నుంచి, వెదురు బద్ద ఇంకో వైపు నుంచి. మొదట ఒక ముద్ద వచ్చింది. వేళ్ళ మధ్య సాగదీసి చూశాడు. "గిది వెంట్రుక గాదు. కొబ్బరిపీచు." మట్టి విగ్రహం పగలకుండా అందులో పీచు కలుపుతారని నాకు అప్పుడు తెలిసింది. తర్వాత ఒక గరికపోచ. తర్వాత నల్లబడిన మారేడాకు. ఆయన ఒక్కొక్కటీ టబ్బు అంచు మీద వరసగా పెట్టాడు, పత్రిపూజ చేస్తున్నట్టు. నేను మెల్లగా బాత్రూము తలుపు మూశాను. చివరికి గొట్టం వంపులో నుంచి గట్టిపడిన మట్టిపెళ్ళ ఒకటి జారిపడింది. దాన్ని మగ్గులో వేసి కడిగాడు. మగ్గు అడుగున టిక్కుమని చప్పుడయింది.

అరచేతిలో పెట్టి చూపించాడు. ఎలుక తోక కూడా వంగలేదు.

"అన్నా," అన్నాను. "టబ్బు కింద దొరికిందని చెప్పు."

"టబ్బు కిందనే దొరికింది. గక్కడికి ఎట్ల వచ్చిందో నువ్వు చెప్పు."

"ఎలుక గదా అన్నా. అదే పోయిందని చెప్దాం."

నవ్వు ఆపుకోవడానికి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేను ఆ నవ్వును సందుగా పట్టుకుని బేరంలోకి దిగాను. అత్తయ్యగారే దుప్పటి నానబెట్టినప్పుడు జారిందని చెప్దామన్నాను. పోనీ దొరికిన చోటు చెప్పకుండా పూజగది గడప సందులో పెట్టేద్దాం, రేపు ఎవరికో ఒకరికి దొరుకుతుంది అన్నాను. పోనీ రాజమ్మకు మాత్రమే నిజం చెప్తాను, పెద్దావిడకు వద్దు అన్నాను. ప్రతిసారీ ఒక మెట్టు దిగాను. ఆయన అన్నిటికీ తల ఊపుతూ విన్నాడు, ఒక్కదానికీ ఒప్పుకోలేదు.

"పైపు సగం సాఫ్ చేసి పోతే, మల్ల నిండుతది. అప్పుడు ఇంకా గట్టిగ నిండుతది. పదేండ్లప్పుడు ఏమన్నవు నాతోని?"

"బేరమాడనన్న."

"మరి?"

ఎలుకను నా చేతిలో పెట్టి, మళ్ళీ బకెట్టు మీద కూర్చున్నాడు. నిజం చెప్పేదాకా లేవడని నాకు తెలుసు. నా జీవితంలో అవతలి మనిషి అసలు ధరే చెప్పకుండా నేను ఓడిపోయిన బేరం అదొక్కటే.

వెళ్ళి చెప్పాను. అత్తయ్యగారు పుస్తకం మూసి కళ్ళజోడు తీశారు. "స్వామిని… స్నానాల తొట్టిలో?" అన్నారు. బాత్రూములో బకెట్టు కిర్రుమంది. ఆ తర్వాత ఆవిడ అడిగిన మాట నేను చచ్చేదాకా మరవను. "నీళ్ళు మంజీరవా, బోరువా?"

"నల్లాలో వచ్చిన మంజీర నది నీళ్ళేనండి."

"సరే. అంతవరకు నయం," అని లేచారు. మోకాలు పట్టుకుని మిగతా మూడు ఇళ్ళూ ఆవిడే తిరిగారు. ప్రతి ఇంట్లోనూ "మా కోడలు చేసిన పని" అనే మొదలుపెట్టారట. అది దిద్దమని నేను అడగలేదు.

రాజమ్మ వంటింట్లో చేతులు తుడుచుకుంటూ నిలబడి నేను చెప్పిందంతా వింది. సంతోషపడుతుందనుకున్నాను. అందుకు తగినట్టు మొహం కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె ఎలుకను చూడలేదు. నన్నే చూసింది.

"రోజూ కొంగు దులిపిన అక్కా. నువ్వు సూస్కుంట నిలబడ్డవ్."

"తప్పయింది రాజమ్మా."

"జర నువ్వు దులుపు. నేను సూస్త."

చీర కొంగు విప్పి దులిపాను. కొత్తిమీర కాడ ఒకటి రాలింది. ఆమె దాన్ని తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మనదేనా?" అంది. బాత్రూము నుంచి యాదగిరన్న నవ్వు వినిపించింది. ఆమె నవ్వలేదు. నవ్వడానికి ఇంకో వారం పట్టింది. ఆ వారం అంతా మా గిన్నెలు చాలా చప్పుడు చేశాయి.

టబ్బులో నీళ్ళు వదిలి చూపించాడు యాదగిరన్న. గిర్రున తిరిగి, గుటక వేసినట్టు చప్పుడు చేసి, ఒక్క చుక్క మిగలకుండా పోయాయి. జల్లెడ మళ్ళీ బిగించాడు. తన రేటు చెప్పాడు. ఎప్పటి రేటే. నేను నోరు తెరవలేదు. మెట్లు దిగుతూ ఆగి, "సొట్ట ఉంటే పట్టు దొర్కుతదన్నవ్ గద, నిజమే," అన్నాడు. గ్లాసు సంగతి అంటున్నాడో, నా సంగతి అంటున్నాడో అడగలేదు.

యాదగిరన్న పోయి మూడేళ్ళయింది. నాన్న తర్వాత దుకాణంలో ఇప్పుడు నేనే కూర్చుంటున్నాను. బేరం మానలేదు, మానితే చిక్కడపల్లిలో పరువు పోతుంది. కానీ గిన్నెకు సొట్ట ఉంటే కొనేవాళ్ళకు కనబడకముందే నేనే చూపిస్తాను. చూపించి, ఆ తర్వాత పట్టు దొరుకుతుందని ఎక్కువ అడుగుతాను. ఇంట్లో నాకూ ఇంకొకరికీ మధ్య మాట ఆగిపోయినప్పుడల్లా కుర్చీ వదిలి ఏదో ఒక ఎత్తుపీట మీద కూర్చుని, ఏం పోశాను అని ముందు నన్నే అడుగుతాను. జవాబు మొదటిసారి ఎప్పుడూ "నీళ్ళే" అని వస్తుంది. కూర్చునే ఉంటాను.

ఇప్పుడు మా గణపతి నిమజ్జనం బాల్కనీలో, బకెట్టులో. ఆ మట్టి మొక్కలకు పోతుంది. అత్తయ్యగారు కుర్చీలో కూర్చుని మంజీర నీళ్ళా కాదా అని ప్రతి ఏడూ విచారిస్తారు. స్వామిని ఎత్తబోయేముందు రాజమ్మ గుమ్మంలో నిలబడి, నా చేతిలో ఎలుక తనకు కనబడుతూనే ఉన్నా, అడుగుతుంది.

"అక్కా, ఎలుక ఏడుంది?"

నేను అరచెయ్యి పూర్తిగా విప్పి చూపిస్తాను. ఆమె దగ్గరికి వచ్చి చూసి, "ఆఁ, ఇప్పుడు ముంచు" అంటుంది. అప్పుడు ముంచుతాను.